రికార్డింగ్ బాక్స్ కొనే ముందు మా నాయన అడిగిన ప్రశ్న

ఇంట్లోకి ఏ వస్తువు తెద్దామన్నా మా నాయన ముందు అడిగేది ఒకటే: "కొన్నాక నెలనెలా ఎంత కట్టాల?" ధర సంగతి ఆ తర్వాతే. రామగిరి బంగారు గనిలో పనిచేసి, 2001లో గని మూతపడ్డాక మళ్ళీ సేద్యంలోకి వచ్చిన మనిషి ఆయన. జీతం వస్తున్నన్నాళ్ళు నెల ఖర్చు బరువు ఎవరికీ తెలియదు. జీతం ఆగిన మొదటి నెలలోనే తెలిసొస్తుంది. ఆ తర్వాత మా ఇంటికి డబ్బు వచ్చేది వేరుశనగ అమ్మినప్పుడే. ఏడాదికోసారి, అదీ వాన కరుణిస్తే. రాబడి ఏడాదికోసారి వచ్చి బిల్లులు నెలనెలా వచ్చే ఇల్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో అనంతపురం జిల్లా రైతులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మా రామగిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారినా ఈ లెక్క మారలేదు.

హెచ్‌డీ టీవీని రికార్డు చేసుకునే పరికరం కొనాలని మేము అనుకున్నది 2019లో. ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలైన ఏడాది అది. పెనుకొండ చుట్టుపక్కల చాలా ఇళ్ళకు షిఫ్టుల జీవితం అప్పుడే అలవాటైంది. నాకూ ఆ వైపే ఒక చిన్న ఫ్యాక్టరీలో పని. మధ్యాహ్నం షిఫ్టు పడితే ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. అప్పటికి మ్యాచ్ అయిపోయి ఉంటుంది, ఎవరు గెలిచారో బస్సులోనే తెలిసిపోతుంది. మా అమ్మ ఇబ్బంది వేరు. ఆమెకు నచ్చిన సీరియల్ వచ్చే వేళకే బర్రె పాలు పిండాలి, పొయ్యి దగ్గర పని చూసుకోవాలి. 'పాడుతా తీయగా' అంటే ఆమెకు ప్రాణం. పిల్లలు పాడిన పాట ఒకటికి రెండుసార్లు వినాలని ఆశ. కాబట్టి అవసరం నిజమైనదే. ఆ అవసరానికి ఎంత డబ్బు పెట్టడం న్యాయం అన్నదే తేల్చుకోవాల్సి వచ్చింది.

రికార్డు చేసుకోవాలన్న కోరిక కొత్తదేమీ కాదు. మా చిన్నతనంలో ఊళ్ళో పెళ్ళి జరిగినా, పండుగ వచ్చినా హిందూపురం నుంచో ధర్మవరం నుంచో 'డెక్కు' అద్దెకు తెచ్చేవారు. వీసీఆర్‌కు మా వైపు అదే పేరు. ఒక టీవీ, ఒక డెక్కు, నాలుగు క్యాసెట్లు. రాత్రంతా సినిమాలే. అప్పట్లో డెక్కు సొంతంగా కొన్న ఇళ్ళు ఊరికి ఒకటీ రెండూ ఉండేవి. మిగతావాళ్ళు అద్దెతో సరిపెట్టుకున్నారు. వస్తువు సొంతం చేసుకోవాలా, అవసరమైనన్ని రోజులకే డబ్బు కట్టాలా అన్న ఆలోచన ఇంట్లో మొదటిసారి విన్నది నేను అప్పుడే.

ముందు తెర, తర్వాత డబ్బా

హెచ్‌డీకి డబ్బు పెట్టే ముందు ఇంట్లో ఉన్న తెర ఏమిటో చూసుకోవాలి. మామూలు ప్రసారంలో బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు. పూర్తి హెచ్‌డీలో 1920, 1080. గుణించి చూస్తే సరిగ్గా ఐదు రెట్లు. మా ఇంట్లో ఉన్నది 32 అంగుళాల టీవీ. ఆ సైజులో ఎక్కువగా దొరికేవి 'హెచ్‌డీ రెడీ' రకం, అంటే 1366 బై 768. ఆ తెర మీద ఐదు రెట్ల తేడా మొత్తం కంటికి ఆనదు. అయినా క్రికెట్‌లో బంతి, పాటల కార్యక్రమంలో ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి. వార్తలకూ సీరియళ్ళకూ ఆ తేడా మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అందుకని ప్రతి చానల్‌నూ హెచ్‌డీలో తీసుకోకుండా, తేడా తెలిసేవాటికే హెచ్‌డీ తీసుకోవాలని తేల్చుకున్నాం.

తర్వాత డిస్క్ లెక్క. శాటిలైట్‌లో వచ్చే హెచ్‌డీ చానల్ సెకనుకు సుమారు 8 మెగాబిట్లు వాడుతుందనుకుంటే గంట రికార్డింగుకు 3.6 జీబీ పడుతుంది. అరగంట సీరియల్‌కు 1.8 జీబీ. నాలుగు గంటల టీ20 మ్యాచ్‌కు 14 జీబీ పైచిలుకు. అమ్మ చూసే రెండు సీరియళ్ళను వారంలో ఆరు రోజులూ హెచ్‌డీలోనే రికార్డు చేసినా వారానికి 22 జీబీ దాటదు. 500 జీబీ డిస్క్ ఉంటే దాదాపు ఐదు నెలల సీరియళ్ళు చెరపకుండా దాచుకోవచ్చు. ఐదు నెలల కిందటి ఎపిసోడ్ మళ్ళీ ఎవరు చూస్తారు? 1 టీబీ, 2 టీబీ అంటూ పెద్ద డిస్క్‌కు ఎక్కువ డబ్బు పెట్టాలన్న ఆలోచన అక్కడితో పోయింది.

మా ముందున్న దారులు

ధర్మవరంలో డిష్‌లు అమ్మే అంగడికి వెళ్ళి కూర్చున్నాను. "అన్నా, రికార్డింగ్ కావాలంటే ఇదే తీసుకో, కళ్ళు మూసుకుని వాడుకోవచ్చు" అని ఆ పిల్లాడు మొదట చూపించింది లోపలే హార్డ్ డిస్క్ ఉన్న రికార్డర్ బాక్స్. మన దేశంలో ఈ రకం బాక్సులకు ఊపు తెచ్చింది 2008లో వచ్చిన టాటా స్కై ప్లస్. ఈ రకంలో రెండు ట్యూనర్లు ఉంటాయి. ఒక చానల్ రికార్డవుతుండగా ఇంకోటి చూడొచ్చు. కానీ రెండు ట్యూనర్లకూ సిగ్నల్ అందాలంటే డిష్ నుంచి మామూలుగా రెండు కేబుళ్ళు దించాలి, డిష్ మీద సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ కూడా రెండు మూతులది కావాలి. ఈ ఖర్చు బాక్స్ ధరలో కనిపించదు. అన్నీ కలిపితే మామూలు హెచ్‌డీ బాక్స్ కంటే సుమారు 5,000 రూపాయలు ఎక్కువ తేలింది.

రెండో దారి, యూఎస్‌బీ రంధ్రం ఉన్న మామూలు హెచ్‌డీ బాక్స్. బయట హార్డ్ డిస్క్ తగిలిస్తే రికార్డు చేస్తుంది. ఇలాంటివాటిలో ఎక్కువగా ఒకటే ట్యూనర్. ఒక చానల్ రికార్డవుతుంటే అదే చూడాలి, లేదా టీవీ ఆపేయాలి. మా ఇంట్లో ఇది పెద్ద లోటు కాదు. రికార్డింగ్ కావాల్సిందే ఎవరూ టీవీ ముందు లేని వేళకు.

మూడోది దూరదర్శన్ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో మొదలైంది. బాక్స్, డిష్ ఒకసారి కొనుక్కుంటే నెలకు రూపాయి కట్టే పని లేదు. దూరదర్శన్ తెలుగు చానళ్ళు సప్తగిరి, యాదగిరి వస్తాయి. చాలా ఫ్రీ డిష్ బాక్సులు పెన్ డ్రైవ్‌లోకి రికార్డు చేస్తాయి, ఆ ఫైళ్ళు కంప్యూటర్‌లోనూ ఆడతాయి. మా నాయనకు మొదట నచ్చింది ఇదే. కానీ అందులో వచ్చేవాటిలో ఎక్కువ భాగం మామూలు చానళ్ళే. అమ్మ చూసే సీరియళ్ళు, నేను చూసే మ్యాచ్‌లు చాలావరకు దొరకవు.

నాలుగోదాని గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని నమ్మి టీవీకే ఎక్కువ డబ్బు పెడుతున్నారు. కొత్త టీవీ అట్ట మీద 'యూఎస్‌బీ రికార్డింగ్' అని రాసి ఉంటుంది. ఆ సౌకర్యం టీవీ లోపలి ట్యూనర్‌కు, అంటే యాంటెన్నాతో పట్టే ప్రసారాలకు మాత్రమే. సెట్‌టాప్ బాక్స్ నుంచి హెచ్‌డీఎంఐ తీగ ద్వారా వచ్చే బొమ్మను అది రికార్డు చేయలేదు. ఆ తీగలో హెచ్‌డీసీపీ అనే తాళం కూడా ఉంటుంది. మా వైపు ఇళ్ళలో యాంటెన్నా చూసి ఎన్నేళ్ళయిందో. అట్ట మీద ఆ మాట చూసి టీవీకి వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టకండి.

నెలనెలా ఎంత?

ఇప్పుడు నాయన ప్రశ్న. 2019 ఫిబ్రవరి 1 నుంచి టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం వచ్చింది. మొదటి 100 చానళ్ళకు నెట్‌వర్క్ ఫీజు గరిష్ఠంగా 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. అంటే 153 రూపాయల 40 పైసలు. ఒక హెచ్‌డీ చానల్‌ను ఆ లెక్కలో రెండు చానళ్ళుగా పట్టుకునేవారు. డబ్బు కట్టి చూసే చానళ్ళకు వేరే ధర. బొకేలో, అంటే చానళ్ళ కట్టలో, చేర్చే చానల్ ధర 19 రూపాయలు దాటకూడదన్నారు. నాలుగు తెలుగు హెచ్‌డీ చానళ్ళను 19 చొప్పున వేసుకుంటే 76, జీఎస్‌టీతో 89 రూపాయల 68 పైసలు. రెండూ కలిపి నెలకు 243 చిల్లర. ఏడాదికి 2,917. ఐదేళ్ళకు దాదాపు 14,585 రూపాయలు.

ఈ అంకె కాగితం మీద వేసి నాయనకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అయితే బాక్స్ గురించి ఎందుకు కొట్టుకుంటావు? అసలు ఖర్చు ఇక్కడుంది కదా" అన్నాడు. నిజమే. బాక్స్‌లో ఐదు వేలు ఆదా చేయాలా వద్దా అని మేము తర్జనభర్జన పడుతున్నాం. ఐదేళ్ళ రీచార్జి దానికి దాదాపు మూడు రెట్లు. ఒక్క చానల్ తగ్గించుకున్నా నెలకు 22 రూపాయల 42 పైసలు మిగులుతాయి. ఐపీఎల్ జరిగే రెండు నెలలు క్రీడల హెచ్‌డీ చానల్ పెట్టుకుని మిగతా పది నెలలు తీసేస్తే ఏడాదికి 224 రూపాయలు. కావాల్సిన చానల్‌ను విడిగా తీసుకునే, వద్దన్నప్పుడు తీసేసే వీలు ఆ కొత్త విధానంలో ఉంది. చాలామంది ఏజెంటు పెట్టిన బొకేనే ఏళ్ళ తరబడి కొనసాగిస్తుంటారు. అందులో తమిళ, హిందీ చానళ్ళు ఎన్ని చూడకుండా డబ్బు కడుతున్నారో ఒకసారి చూసుకోవాలి.

ఆ తర్వాత అదే 130 రూపాయలకు చానళ్ళ సంఖ్య 200 అయింది. 2024 జూలైలో ట్రాయ్ ఆ ఫీజు మీది పరిమితిని తీసేసింది. ఇప్పుడు ఎవరి ఫీజు వారు నిర్ణయించుకోవచ్చు. ఈ రోజు కొనేవాళ్ళు తమ ఆపరేటరు రేట్లతో ఇదే లెక్క మళ్ళీ వేసుకోవాలి: బాక్స్ ధర, దానికి ఐదేళ్ళ రీచార్జి, రికార్డింగ్ సౌకర్యానికి విడిగా నెల ఫీజు ఏమైనా ఉంటే అదీ.

కరెంటూ ఇందులో భాగమే. రాత్రి రికార్డు చేయాలంటే బాక్స్‌ను స్విచ్చి దగ్గర ఆపేయకూడదు. బాక్స్, డిస్క్ కలిసి సగటున 15 వాట్లు లాగితే నెలకు 11 యూనిట్ల దాకా అవుతుంది. యూనిట్ 4 రూపాయలు అనుకున్నా నెలకు 43. అది రెండు చానళ్ళ ఖర్చుతో సమానం. అందుకని మేము రికార్డింగ్ ఉన్న రోజే బాక్స్‌ను ఉంచి, మిగతా రాత్రులు ఆపేస్తాం. కరెంటు పోయిందంటే ఆ రికార్డింగ్ అంతే. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు టీవీని వదిలేసి బాక్స్‌ను మాత్రం దానికి తగిలిస్తే బ్యాటరీకి పెద్ద బరువు కాదు.

దాచుకున్నది ఎవరిది?

ఈ మొత్తం వ్యవహారంలో నా నిర్ణయాన్ని తేల్చేసింది డబ్బు లెక్క ఒక్కటే కాదు. ధర్మవరంలో మా అక్కా బావలది పట్టుచీరల మగ్గం. ఒక చానల్ వాళ్ళు వచ్చి మగ్గం గుంతలో కూర్చున్న బావను, అంచు పేటలు పట్టిస్తున్న అక్కను షూటింగ్ చేసుకుపోయారు. ఆ కార్యక్రమం వచ్చిన రోజు బావ తన బాక్స్‌కు తగిలించిన డిస్క్‌లో రికార్డు చేసుకున్నాడు. వచ్చిన చుట్టానికల్లా వేసి చూపించేవాడు. మరుసటి ఏడు పిడుగుపాటుకు బాక్స్ కాలిపోయింది. కంపెనీ కొత్తది ఇచ్చింది. అదే కంపెనీ, అదే కార్డు. డిస్క్ తగిలించగానే తెర మీద ఒక ప్రశ్న: ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా? అవును, కాదు. బావ రిమోట్ చేతిలో పట్టుకుని ఏదీ నొక్కకుండా డిస్క్ పీకేశాడు. బావ రిమోట్ చేతిలో పట్టుకుని ఏదీ నొక్కకుండా డిస్క్ పీకేశాడు.

అది ఎవరి తప్పూ కాదు, ఆ వ్యవస్థను కట్టిన తీరే అంత. డీటీహెచ్ బాక్స్ చేసే రికార్డింగ్ గుప్తలిపిలో ఉంటుంది, దాని తాళంచెవి ఆ బాక్స్‌లోనే ఉంటుంది. బాక్స్ పోతే తాళంచెవి పోయినట్టే. చాలా బాక్సుల్లో రీచార్జి ఆగినా దాచుకున్న రికార్డింగులు తెరుచుకోవు. అంటే మన డిస్క్‌లో, మన ఇంట్లో ఉన్న వస్తువును చూడటానికి కూడా నెలనెలా డబ్బు కడుతూనే ఉండాలి. రికార్డర్ అమ్మేవాళ్ళు 'వందల గంటలు దాచుకోండి' అని చెబుతారు కదా, ఆ దాచుకోవడానికి అర్థం ఇది. బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టినట్టు అనుకుంటాం. ఈ లాకర్ అద్దె ఒక్క నెల ఆపితే తలుపు తెరుచుకోదు.

చట్టం మన సొంత వాడకాన్ని అడ్డుకోదు. మన కాపీరైట్ చట్టంలో 39వ సెక్షన్, ప్రసారాన్ని సొంత వాడకం కోసం రికార్డు చేసుకోవడాన్ని ప్రసారకుల హక్కుకు భంగంగా చూడదు. అమెరికాలో 1984లోనే అక్కడి సుప్రీంకోర్టు సోనీ బీటామ్యాక్స్ కేసులో, తర్వాత చూసుకోవడం కోసం ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని తేల్చింది. ఆ తీర్పులోని అసలు మాట 'తర్వాత చూసుకోవడం కోసం'. రికార్డింగ్ బాక్స్ నిజంగా పనికొచ్చేది ఆ ఒక్క పనికే: ఈ రోజు వేళ కుదరనిదాన్ని రేపు చూడటానికి. పదేళ్ళ తర్వాత మనవలకు చూపించడానికి అది పనికిరాదు.

ఇది తెలిశాక రికార్డర్ బాక్స్‌కు ఎక్కువ పెట్టాలన్న మాట మా ఇంట్లో ఆగిపోయింది. రేపటికో, వచ్చే ఆదివారానికో సరుకు నిలవ ఉంచే పనికి చవకదే చాలు. యూఎస్‌బీ ఉన్న హెచ్‌డీ బాక్స్ తీసుకున్నాం. కొత్త డిస్క్ కొనలేదు. మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లోని 500 జీబీ డిస్క్‌ను తీసి, కొన్ని వందల రూపాయలకు దొరికే కేస్‌లో బిగించాం. అందులోని ఫోటోలన్నీ ముందే వేరే చోటికి ఎక్కించాం, ఎందుకంటే బాక్స్ మొదట చేసే పని డిస్క్‌ను ఫార్మాట్ చేయడమే. తగిలించగానే డిస్క్ టిక్కు టిక్కుమని చప్పుడు చేసి ఆగిపోయింది. యూఎస్‌బీ రంధ్రం నుంచి వచ్చే కరెంటు దాన్ని తిప్పడానికి చాలలేదు. రెండు తలలున్న కేబుల్ తెచ్చి రెండో తలను ఫోన్ చార్జర్‌కు తగిలించాక గిర్రున తిరిగింది. పాత డిస్క్ వాడేవాళ్ళు ఈ కేబుల్ ఖర్చు కూడా కలుపుకోండి. పెన్ డ్రైవ్‌తో పని జరగొచ్చు గానీ, గంటల తరబడి రాస్తూనే ఉండే పనికి హార్డ్ డిస్కే నమ్మకం.

మిగిలిన ఐదు వేలను నాయన పోస్టాఫీసు ఆర్‌డీలో నెలకు కొంత చొప్పున వేశాడు. టీవీ బిల్లు నెలనెలా బయటికి పోతుంటే, అదే తీరున నెలనెలా జమయ్యేది కూడా ఒకటి ఉండాలన్నది ఆయన లెక్క.

ఆ తర్వాత యాప్‌ల కాలం వచ్చింది. ఫైబర్ ఇంటర్‌నెట్ ఉన్న ఇంట్లో చాలా సీరియళ్ళు మరుసటి రోజే యాప్‌లో దొరుకుతాయి. కొన్ని కార్యక్రమాలు టీవీలోకి రావు కూడా. హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ గారి 'అన్‌స్టాపబుల్' 2021లో ఆహా యాప్‌లోనే వచ్చింది. దాన్ని ఏ రికార్డింగ్ బాక్సూ పట్టలేదు. అయితే యాప్‌లకూ విడిగా చందా ఉంది. రెండు మూడు యాప్‌లు చేరితే డిష్ బిల్లును దాటిపోవచ్చు. ఫోన్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ డేటాతో టీవీ మీద హెచ్‌డీ చూడాలనుకుంటే గంట తిరక్కముందే అయిపోవచ్చు. ఇంట్లో వైర్ ఇంటర్‌నెట్ లేకపోతే డిష్, యూఎస్‌బీ బాక్సే ఇప్పటికీ చవక. ఇంటర్‌నెట్ పిల్లల చదువు కోసం ఎలాగూ తీసుకున్నవాళ్ళు రికార్డింగ్ పరికరానికి ఒక్క రూపాయి పెట్టే ముందు, తాము చూసేవి యాప్‌లో దొరుకుతున్నాయో లేదో చూసుకోవాలి.

ఇక నిజంగా దాచుకోవాల్సినవి ఉంటాయి. ఇంట్లో మనిషి టీవీలో కనిపించిన కార్యక్రమం, ఊరి జాతర మీద వచ్చిన కథనం. వాటిని బాక్స్‌కు వదిలేయకండి. చాలా చానళ్ళు తమ కార్యక్రమాలను యూట్యూబ్‌లో పెడతాయి. ఆ లింకు దాచుకోండి, షూటింగ్‌కు వచ్చినవాళ్ళను ఆ రోజే ఒక కాపీ అడగండి. బావ కార్యక్రమం చివరికి మాకు దొరికింది అలాగే, ఆ చానల్ యూట్యూబ్ పేజీలో.

కొనాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. అంగడికి వెళ్ళే ముందు ఒక నెల పాటు ఇంట్లో ఎవరు ఏ కార్యక్రమం చూడలేకపోయారో నోటుబుక్కులో రాయండి. వాటిలో యాప్‌లోనో యూట్యూబ్‌లోనో దొరికేవాటిని కొట్టేయండి. మిగిలిన గంటలను 3.6తో గుణిస్తే మీకు ఎన్ని జీబీల డిస్క్ కావాలో తెలుస్తుంది. అంగడిలో నాలుగు మాటలు అడగండి: రికార్డింగ్‌కు నెల ఫీజు ఉందా, రీచార్జి ఆగితే పాతవి తెరుచుకుంటాయా, బాక్స్ మారిస్తే డిస్క్ పనిచేస్తుందా, ఒకటి రికార్డవుతుండగా ఇంకోటి చూడొచ్చా. ఈ జవాబులు, ఐదేళ్ళ రీచార్జి మొత్తం ఒకే కాగితం మీద రాసుకుని ఇంట్లో అందరి ముందు పెట్టండి. మా ఇంట్లో ఆ కాగితం మీద మిగిలినవి వారానికి ఏడెనిమిది గంటలే. అంత అవసరానికి చవక బాక్స్, పాత డిస్క్ సరిపోయాయి. మీ కాగితం మీద ఎక్కువ గంటలు మిగిలితే రెండు ట్యూనర్ల బాక్స్‌కు పెట్టే డబ్బు దండగ కాదు, ధైర్యంగా కొనండి. ఏమీ మిగలకపోతే కొనాల్సింది కూడా ఏమీ లేదు.